గోదావరి గట్టున విద్యార్థుల నాటకం

నాచారంలోని ఒక పాఠశాల వార్షికోత్సవానికి ఇటీవల నన్ను ఆహ్వానించినారు. రేడియోలో నాటకాలు చేయించేవాడు గనుక పిల్లల నాటకం చూచి నాలుగు మాటలు చెప్పగలడని వారి నమ్మకం. ఉప్పల్ నుండి, మల్లాపూర్ నుండి, చుట్టుపట్ల కాలనీల నుండి తల్లిదండ్రులు వచ్చి కూర్చున్నారు. కర్మాగారాలున్న ప్రాంతం అది. ఒరిస్సా నుండి, బీహారు నుండి, మన జిల్లాల నుండి బ్రతుకుతెరువుకై వచ్చిన కుటుంబాలు అక్కడ పక్కపక్క వాటాలలో కాపురమున్నవి. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు తామే వ్రాసుకొన్న ఇరవై నిమిషాల నాటకం ఆడినారు. క్రొత్తగా బడిలో చేరిన ఒక బాలిక యాసను తోటిపిల్లలు వెక్కిరిస్తారు. వెక్కిరింత ముదిరి తిట్టుపేరు అవుతుంది. ఒకనాడు బడి వెనుక గోడ దగ్గర ఆమె తమ్ముణ్ణి నలుగురు పట్టుకొని కొడతారు. చూచి ఊరకున్న పిల్లవాడొకడు చివరికి నోరు విప్పుతాడు. కథ అంతే.

చప్పట్లు బాగానే మ్రోగినవి. నా పక్కన కూర్చున్న పెద్దమనిషి, ఎవరో పిల్లవాని తాతగారు, నావైపు వంగి, “బాగానే ఉన్నదండీ. కాని దీనివల్ల రేపు ఎవడైనా కొట్టడం మానుతాడంటారా?” అని అడిగినారు. ఆయన ఎగతాళికి అడగలేదు. నిజంగా తెలిసికొనగోరి అడిగినారు. నేను ఆ క్షణాన సరియైన సమాధానం చెప్పలేక, “చూడాలండీ” అని తప్పుకొన్నాను. ఇంటికి వచ్చే దారి పొడుగునా ఆ ప్రశ్నే నన్ను వెంటాడినది. తెలుగునాట విద్యార్థులు వేషాలు కట్టి తమ ఊరి తప్పులను ఊరి ముందే పెట్టిన మొదటి సందర్భం అప్పుడు జ్ఞాపకం వచ్చినది. తాతగారికి నేను చెప్పవలసిన జవాబు అక్కడ కొంత ఉన్నది. శ్రోతలకు తెలిసిన పేర్లే కావచ్చును. అయినా ఈ ప్రశ్న మనసులో పెట్టుకొని చూస్తే ఆ కథ కొంత వేరుగా కనిపిస్తుంది.

1880 నాటి రాజమహేంద్రవరాన్ని ఊహించుకోండి. జిల్లా కోర్టు ఉన్న పట్టణం. ప్లీడర్లు, గుమాస్తాలు, పండితులు, వర్తకులు, ఇంగ్లీషు చదువుల కోసం పల్లెల నుండి వచ్చి వారాలు చేసుకొంటూ చదువుకొనే బ్రాహ్మణ బాలురు. కందుకూరి వీరేశలింగం పంతులుగారు అక్కడ తెలుగు ఉపాధ్యాయులు. ఆయనకు అప్పటికి ముప్పది రెండేండ్లు. 1874 లో ధవళేశ్వరంలో ఉండగానే ‘వివేకవర్ధని’ పత్రికను ప్రారంభించి, అదే ఏడు అక్కడ బాలికలకు పాఠశాల పెట్టినారు. ఆడపిల్లలకు చదువు కూడదని వాదించిన కొక్కొండ వేంకటరత్నం పంతులుగారితో ఆయనకు జరిగిన పత్రికాయుద్ధం ఆనాటి చదువరులకు పెద్ద వినోదం. ఆ యుద్ధంలో నుండి ‘హాస్యసంజీవని’ పుట్టినది. దానిలో ‘బ్రాహ్మవివాహము’ అనే ప్రహసనం వెలువడినది. ముదిమి వయసులో ఒక పెద్దమనిషి చిన్నపిల్లను కట్టుకొనడానికి పడే ఆరాటం దాని ఇతివృత్తం. ‘పెద్దయ్యగారి పెండ్లి’ అనే పేరుతోనే జనం దానిని ఎరుగుదురు.

ఆ నవ్వుల వెనుక ఉన్న సంగతి నవ్వదగినది కాదు. పసిపిల్లలను వృద్ధులకిచ్చి పెండ్లి చేయడం, వారు పోతే ఆ పిల్లలను జీవితాంతం వితంతువులుగా ఉంచడం ఆనాటి అగ్రవర్ణ గృహాలలో పరిపాటి. ఊహ తెలియకముందే కట్టిన పుస్తె ఊహ తెలియకముందే తెగేది. యుక్తవయస్సు రాగానే జుట్టు తీయించడం, ఒంటిపూట భోజనం, శుభకార్యాలలో ఎదురుపడరాదన్న నియమం. కొట్టినవాడెవడో కనబడని హింస అది. అమ్మ, నాయన, పురోహితుడు, పక్కింటి ముత్తయిదువ, అందరూ కలిసి ప్రేమతోనే చేసే హింస. వితంతువు పునర్వివాహం చెల్లుతుందని 1856 లోనే చట్టం వచ్చినది. ఈశ్వరచంద్ర విద్యాసాగరుల కృషివల్ల ఆ డిసెంబరులోనే కలకత్తాలో మొదటి వివాహమూ జరిగినది. గోదావరి తీరానికి మాత్రం ఆ చట్టం కాగితం మీద అక్షరాలుగానే ఇరవై ఐదేండ్లు మిగిలినది.

ఇటువంటి రోజులలో ధార్వాడ నాటకసమాజం ఒకటి రాజమహేంద్రవరం వచ్చినది. పాకలు వేసి, తెరలు కట్టి, దీపాల వెలుగులో వారు ఆడిన ఆటలు పట్టణాన్ని ముగ్ధం చేసినవి. వారి భాష చాలామందికి అర్థం కాలేదు. రంగాలంకరణ, పాట, వేషం మాత్రం అందరికీ అర్థమైనవి. ఆ సమాజం పర్యటించిన చోటల్లా తెలుగువారిలో నాటకపు వేడి పుట్టినదని మన రంగస్థల చరిత్రకారులు చెప్పే మాట సత్యమే. అంతకు ఇరవై ఏండ్ల క్రితమే, 1860 ప్రాంతంలో, కోరాడ రామచంద్రశాస్త్రిగారు ‘మంజరీమధుకరీయము’ వ్రాసినారు గాని అది రంగమెక్కలేదు. తెలుగు నాటకం పుస్తకంలో ఉన్నది, వేదిక మీద లేదు.

ధార్వాడ వారు వెళ్ళిపోయినారు. వారు వేసిన పాకలు మిగిలినవి. వీరేశలింగంగారు ఆ పాకలను విడువలేదు. తన విద్యార్థులను కూడగట్టి, షేక్స్పియరు ‘కామెడీ ఆఫ్ ఎర్రర్స్’ ననుసరించి తాము రచించిన ‘చమత్కార రత్నావళి’ ని అక్కడ ఆడించినారు. అదే 1880 లో ‘వ్యవహార ధర్మబోధిని’ ని కూడ విద్యార్థులు ప్రదర్శించినారు. దానికి ‘ప్లీడరు నాటకం’ అని వాడుక పేరు. తెలుగునాట ఆధునిక నాటకప్రదర్శన అక్కడ మొదలైనదని చెప్పుకొంటాము. పంతులుగారి జన్మదినమైన ఏప్రిల్ 16 ను తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకొంటున్నాము.

నాటకవిభాగంలో పనిచేసేవాణ్ణి గనుక ఒక మాట నిర్మొగమాటంగా చెప్పాలి. ‘వ్యవహార ధర్మబోధిని’ ని నాటకంగా తూకం వేస్తే అది బరువు తూగదు. సంభాషణ ఎక్కువ, చర్య తక్కువ. పాత్రలు ఎదిగేది లేదు. ఈనాడు ఎవరైనా ఆ రచనను రేడియోకు పంపితే మా వాళ్ళు సగానికి సగం కొట్టివేసి తిరిగి వ్రాయమంటారు. అయితే అందులో రెండు విశేషాలున్నవి. ఒకటి, పాత్రలు తమ తమ ఇండ్లలో మాట్లాడుకొనే తెలుగే మాట్లాడతాయి. గ్రాంథికం రాజ్యమేలుతున్న కాలంలో ఒక తెలుగు పండితుడు ఈ పని చేయడం సామాన్యం కాదు. రెండవది, ఆ ప్రేక్షకులు. అబద్ధపు వ్యాజ్యాలు, కొనితెచ్చిన సాక్షులు, ఇరుపక్షాల నుండీ గుంజే ప్లీడర్లు నాటకంలో ఉన్నారు. జిల్లా కోర్టు ఉన్న పట్టణంలో ఆ మనుషులు పాకలో జంపఖానాల మీద కూడా కూర్చుని ఉంటారు గదా! పదునారు, పదునేడేండ్ల బాలుడొకడు మీసాలు అతికించుకొని, తండ్రికి స్నేహితుడైన ప్లీడరుగారి నడకనూ, మాటతీరునూ ఆయన ఎదుటనే అభినయించడం ఎట్టి సాహసమో ఊహించవచ్చును.

ఆనాడు వేషం కట్టడమే తప్పు. భాగవతులు, వీథినాటకాలవారు కట్టేది వేషం. చదువుకొనే పిల్లలు, అందులోనూ శ్రోత్రియ కుటుంబాల పిల్లలు, ముఖానికి రంగు పూసుకొనరాదు. ఆడవేషాలు కూడ బాలురే ధరించవలె. తండ్రి బ్రతికి ఉండగా మీసం తీయించుకొనడం అమంగళమని నమ్మే ఇండ్లు అవి. కనుక ఒక్కొక్క వేషధారి నాటకంలో అడుగు పెట్టకముందే తన ఇంట ఒక చిన్న నాటకం ఆడి బయటపడవలసి వచ్చేది. ఈ సంగతి పైకి చిల్లరగా కనిపించినా నాకు ముఖ్యంగా తోస్తున్నది. పెద్దల మాట దాటడం ఆ పిల్లలకు రంగస్థలమే నేర్పినది. పదిమంది చూస్తుండగా, గొంతు వణకకుండా, పదిమందికీ ఇష్టం లేని మాట అనడం కూడ అక్కడే అలవడినది. ఆ అలవాటు అక్కరకు రావడానికి ఏడాదిన్నర కూడ పట్టలేదు.

1879 ఆగస్టులో వీరేశలింగంగారు వితంతు వివాహాన్ని సమర్థిస్తూ మొదటి ఉపన్యాసం చేసినారు. శాస్త్రప్రమాణాలు చూపి అక్టోబరులో రెండవది చేసినారు. పట్టణంలో ఖండన సభలు జరిగినవి. వాదం పండితుల చేతిలో ఉన్నంతకాలం వాదంగానే నడిచినది. అరుగుల మీదికి, బజారులోకి దిగిన తరువాత బెదిరింపుగా మారినది. పంతులుగారు మాటలతో ఆగుతారని చాలామంది అనుకొన్నారు. ఆయన ఆగలేదు. బాల్యంలోనే భర్తను పోగొట్టుకొన్న గౌరమ్మ అనే బాలికకు గోగులపాటి శ్రీరాములు అనే యువకునితో 1881 డిసెంబరు 11 వ తేదీన తన ఇంట వివాహం జరిపించినారు. తెలుగుదేశంలో ఆ ఉద్యమపు మొదటి వితంతు వివాహం అది.

ఆ రాత్రి పంతులుగారి ఇంటి చుట్టూ ఏమి జరిగినదో ఆయన ‘స్వీయచరిత్రము’ చదివినవారికి తెలుసును. పెండ్లిని చెడగొట్టడానికి, పెండ్లికూతురును ఎత్తుకొనిపోవడానికైనా వెనుదీయనివారు పట్టణంలో ఉన్నారు. పోలీసు బందోబస్తు అవసరమైనది. పోలీసులతో పాటు విద్యార్థులు కావలి నిలిచినారు. వంటవారు రాలేదు, నీళ్ళు తెచ్చేవారు మానివేసినారు. పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరికి వెళ్ళి నీళ్ళు మోసి, తామే వండి పెట్టినారు. విద్యార్థులు సరుకులు మోసినారు, వీథివాకిట నిలబడినారు, పల్లకీ వెంట నడచినారు. నాటకమాడిన బడియే పెండ్లికి కాపలా కాసినది.

పెండ్లి జరిగిపోయినది; అసలు శిక్ష అప్పుడు మొదలైనది. పీఠాధిపతి నుండి బహిష్కార శ్రీముఖాలు వచ్చినవి. పెండ్లికి వెళ్ళినవానికి, అక్కడ భోజనం చేసినవానికి, వారితో సహపంక్తి కూర్చున్నవానికి వెలి. ఉద్యోగాలున్న పెద్దలు, ఉపన్యాసాలకు తలలూపినవారు, కొందరు ప్రాయశ్చిత్తం చేసుకొని వెనుకకు తగ్గినారు. వారిని నేను తప్పు పట్టను. ఇంట ఈడేరవచ్చిన ఆడపిల్ల ఉన్న తండ్రికి వెలి అంటే ఏమిటో ఈనాడు మనం పూర్తిగా ఊహించలేము. తద్దినానికి బ్రాహ్మణుడు దొరకడు, చావుకు మోసేవారు దొరకరు, బిడ్డకు సంబంధం రాదు. విద్యార్థులకూ ఆ భయం లేకపోలేదు. వారాలు పెట్టే ఇండ్లు మూతపడవచ్చును. సెలవులకు ఊరికి పోతే గడపలో నిలిపి, ముందు ప్రాయశ్చిత్తం చేసుకొని రమ్మనవచ్చును. అయినను పంతులుగారి వెంట గట్టిగా మిగిలినవారిలో యువకులే ఎక్కువ. బసవరాజు గవర్రాజు వంటి యువసహచరుల పేర్లు చరిత్రలో నిలిచినవి; తక్కిన చాలామంది ‘విద్యార్థులు’ అనే ఒక్క మాటలో కలిసిపోయినారు. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయం చేసి ఉద్యమాన్ని నిలబెట్టినారు. మొదటి పెండ్లి జరిగిన నాలుగు రోజులకే రెండవ పెండ్లి జరిగినది. పంతులుగారు తమ జీవితకాలంలో సుమారు నలభై వివాహాలు జరిపించినారు.

తాతగారు అడిగినట్లే అడుగుదాము. ఆ నలభై ఎంత? గోదావరి జిల్లాలోని బాలవితంతువులను లెక్కపెట్టితే అది సముద్రంలో దోసెడు నీళ్ళు. పదేండ్ల తరువాత విజయనగరంలో గురజాడ అప్పారావుగారు చూపిన లెక్క దానికి సాక్ష్యం. మహారాజా ఆనందగజపతి విశాఖపట్నం జిల్లాలో సేకరింపజేసిన వివరాలను ఆయన ‘కన్యాశుల్కం’ పీఠికలో ఇచ్చినారు. మూడేండ్లలో నమోదైన కన్యాశుల్క వివాహాలు 1,034. పెండ్లికూతుండ్లలో ఐదేండ్లవారు 99 మంది, నాలుగేండ్లవారు 44, మూడేండ్లవారు 36, రెండేండ్లవారు ఆరుగురు. ఏడాది వయసు పసికందులు ముగ్గురు; వారి వెల తలకు 350 నుండి 400 రూపాయలు. 1892 ఆగస్టులో జగన్నాథ విలాసినీ సభవారు ఆ నాటకాన్ని మొదటిసారి ఆడినప్పుడు జనం విరగబడి చూచినారు. చూచి నవ్విన వెంటనే కన్యాశుల్కం మాసిపోలేదు. దాని తరువాత వరశుల్కం వచ్చి కూర్చున్నది. అది మనకింకా పూర్తిగా వదలలేదు.

కనుక నాటకం చూచినవారు మారుతారా అన్న ప్రశ్నకు రాజమహేంద్రవరం ఇచ్చే జవాబు అంత ఉత్సాహజనకంగా లేదు. నాటకం ఆడినవారు ఏమౌతారు అన్న ప్రశ్నకు మాత్రం 1881 డిసెంబరు 11 రాత్రి ఆ ఇంటి వాకిలి సమాధానం చెబుతున్నది. ప్లీడరు వేషం చూచి నవ్వినవారిలో ఎందరు మారినారో లెక్క కట్టే సాధనం లేదు. ఆ వేషాలు కట్టించిన బడి నుండి, తరువాతి ఏడు, తండ్రుల కోపానికి ఎదురునిలిచి వచ్చిన పిల్లలు మాత్రం ఆ వీథిలో కనిపించినారు.

లోపాలు కూడ చెప్పుకోవాలి. ఆ నాటకాలలో బాధ ఆడపిల్లది, గొంతు మగపిల్లవానిది. పెండ్లికూతురు వేషానికి కూడ ఆడపిల్ల లేదు. ఉండే వీలు లేదు. గౌరమ్మ ఆ రాత్రి ఏమనుకొన్నదో ఆమె మాటలలో మనకు దక్కలేదు. మరొకటి, ఆ విద్యార్థులు నిలదీసిన దురాచారాలు ఎక్కువగా తమ కులపు ఇండ్లలోవి. ఊరి చివర వాడలో ఉన్నవారి మీద జరిగే అన్యాయం ఆ పాకలలోని రంగస్థలం మీదికి ఇంకా రాలేదు. అదే పట్టణంలో చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు 1909 లో అంటరానివారనిపించుకొన్నవారి పిల్లలకు పాఠశాల పెట్టినారు. అటువంటి వాడలోనే పుట్టిన బోయి భీమన్నగారు తరువాతి తరంలో ‘పాలేరు’ నాటకం వ్రాసి, దొర ఇంట పశువులు కాసే పిల్లవాణ్ణి చదివించి అధికారిగా రంగం మీదికి తెచ్చినారు. ఆ నాటకం ఊరూరా ఆడినారు. ఎవరి బాధను వారే చెప్పుకొనడానికి తెలుగు నాటకానికి అరవై ఏండ్ల పైచిలుకు పట్టినదన్నమాట.

మన హైదరాబాదు మాటేమిటని శ్రోతలు అడుగవచ్చును. ఉప్పల్, నాచారం వాసులకు కూతవేటు దూరంలో, తార్నాక అవతల ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయంలో కూడ ఈ సంప్రదాయపు పాయ ఒకటి ప్రవహించినది. భాష మాత్రం ఉర్దూ. అప్పటి మెదకు జిల్లా ఆందోలులో పుట్టిన మఖ్దూం మొహియుద్దీన్ అక్కడ విద్యార్థిగా ఉండగా, 1934 లో, బెర్నార్డ్ షా ‘విడోవర్స్ హౌసెస్’ ను ‘హోష్ కే నాఖున్’ అనే పేర ఉర్దూలోకి మలచి ఆడినారు. బీదల మురికి ఇండ్ల అద్దెల మీద బ్రతికే పెద్దమనుషుల కథ అది. రవీంద్రనాథ టాగూరు ఆ ప్రదర్శన చూచి మెచ్చుకొని శాంతినికేతనానికి రమ్మన్నారని మఖ్దూం జీవితం వ్రాసినవారు చెబుతారు. ఆ విద్యార్థి తరువాత సిటీ కాలేజీలో ఉపాధ్యాయుడై, ఆ ఉద్యోగం వదలి, కార్మికుల మధ్యకు వెళ్ళి, చెరసాలలు చూచిన సంగతి అందరూ ఎరిగినదే. నాటకంలోని మాట ఆయననూ వేషంతో పాటు విడిచిపెట్టలేదు.

నాచారం పిల్లల నాటకానికి తిరిగి వస్తాను. సభ ముగిసిన తరువాత తెర వెనుకకు వెళ్ళినాను. రంగు కడుక్కొంటూ, ఒకరి మీద ఒకరు నీళ్ళు చల్లుకొంటూ గోలగా ఉన్నారు. యాస మాట్లాడిన బాలికను, “ఆ మాటతీరు ఎవరు నేర్పినారమ్మా?” అని అడిగినాను. “నేర్పడమేమిటండీ, మా ఇంట్లో మాట్లాడేదే” అన్నది. వాళ్ళ నాన్నగారు మూడేండ్ల క్రితం బరంపురం నుండి వచ్చి అక్కడి ఫ్యాక్టరీలో పని చేస్తున్నారట. గోడ దగ్గర కొట్టే వేషం వేసిన పిల్లవాడు పక్కనే నిలబడి ఆమె పుస్తకాల సంచి పట్టుకొని ఉన్నాడు. మొదట ఆ వేషం వేయడానికి అతడు ఒప్పుకోలేదని, సాధన చేసేటప్పుడు రెండుమార్లు మధ్యలోనే ఆగి బయటకు పోయినాడని ఉపాధ్యాయిని చెప్పినారు. “ఎందుకు ఆగినావు?” అంటే అతడు నేల చూస్తూ, “పోయిన ఏడు నిజంగానే అన్నానండీ ఆ మాట” అన్నాడు. బాలిక అతని వైపు చూడకుండానే చెయ్యి చాచి సంచి తీసుకొన్నది. బయట ఉప్పల్ వైపు పోయే బడి బస్సు హారను మ్రోగించినది, ఇద్దరూ పరుగెత్తినారు.